కంప్యూటర్ కోర్సు పూర్తయింది, మరి చేతికి పని ఎందుకు రాలేదు? బస్తీ యువత ఐటీ శిక్షణలో అసలు చిక్కులు

తెలంగాణలో ‘స్కిల్’ అన్న మాట 2024 నుంచి గట్టిగా వినిపిస్తోంది. ఆ ఏడాది జూన్‌లో మల్లేపల్లి ఐటీఐ ప్రాంగణంలో, 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి శంకుస్థాపన జరిగింది. టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో తలపెట్టిన ఈ పథకం అంచనా 2,324 కోట్ల రూపాయలు. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ బిల్లు కూడా శాసనసభ దాటింది. ఇవన్నీ వింటున్న బోరబండ తల్లికో, యాకుత్‌పురా తండ్రికో వచ్చే సందేహం మాత్రం పాతదే. మా పిల్ల ఇప్పటికే కంప్యూటర్ కోర్సు చేసింది, సర్టిఫికెట్ బీరువాలో ఉంది, అయినా పని ఎందుకు దొరకలేదు?

పిల్లలకు బేసిక్స్ లేవని శిక్షణ సెంటర్లు అంటాయి. సెంటర్లో ఏమీ నేర్పలేదని ఇంట్లోవాళ్లు అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కానీ లెక్క తప్పుతున్నది ప్రధానంగా ఇంకో చోట: ఎవరికి ఏ రకం శిక్షణ కావాలి, అందులో మెషీన్ మీద వాళ్ల చెయ్యి ఎన్ని గంటలు ఆడుతుంది అన్న దగ్గర.

ఒకే బోర్డు కింద మూడు వేర్వేరు చదువులు

మొదటిది డిజిటల్ అక్షరాస్యత. ఫోనులో, కంప్యూటర్లో సొంత పనులు చేసుకోగలగడం: ఫారం నింపడం, ఈమెయిల్‌కు ఫైలు జతచేసి పంపడం, డబ్బు పంపేటప్పుడు మోసపోకుండా చూసుకోవడం. దేశాలు తమ యువత ఐటీ నైపుణ్యాన్ని కొలుచుకోవడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన సూచికలోనూ ఇలాంటివే ఉన్నాయి. ఫైలును ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చగలరా, కాపీ చేసి అతికించగలరా, స్ప్రెడ్‌షీట్‌లో చిన్న ఫార్ములా వేయగలరా అని అది అడుగుతుంది.

రెండోది వృత్తిలో పనిముట్టుగా కంప్యూటర్. ఎలక్ట్రీషియన్ ఎస్టిమేట్ తయారు చేయడం, కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ మెషీన్ ఆపరేటర్ ప్రోగ్రామ్ చదవడం, బొటిక్ నడిపే దర్జీ కొలతలూ బాకీలూ షీట్‌లో పెట్టుకోవడం ఈ కోవలోకి వస్తాయి. ఐటీఐల కొత్త సెంటర్లలో పెడుతున్న ఇండస్ట్రియల్ రోబోటిక్స్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు కూడా ఇందులోవే.

మూడోది ఐటీయే వృత్తిగా ఉండడం. ఐటీఐలో ‘కోపా’ అనే ట్రేడ్ ఉంది, అంటే కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్. పదో తరగతి పాసైనవాళ్లకు ఏడాది కోర్సు. కేంద్రం పథకాల్లో నడిచే డొమెస్టిక్ డేటా ఎంట్రీ ఆపరేటర్, కాల్ సెంటర్ కోర్సులు, అమీర్‌పేట మైత్రివనం చుట్టుపక్కల సంస్థలు చెప్పే ప్రోగ్రామింగ్ కోర్సులు కూడా ఇక్కడికే వస్తాయి.

ఈ మూడింటికీ కావాల్సిన పునాది వేరు, పట్టే సమయం వేరు, చివర పెట్టాల్సిన పరీక్ష వేరు. మొదటి రకం మాత్రమే నేర్పి మూడో రకం ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఎంఎస్ ఆఫీస్ మూడు నెలలు నేర్చుకున్న అమ్మాయి హైటెక్ సిటీ గేటు దగ్గర నిరాశపడితే తప్పు ఆమెది కాదు. ఆ కోర్సు ఎక్కడి వరకు తీసుకెళ్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వెనుకబాటు ఒక్క రకంగా ఉండదు

‘పేద విద్యార్థులు’ అని ఒకే మూటగా కట్టేస్తే శిక్షణ దారి తప్పుతుంది. ముగ్గురిని ఊహించుకుందాం. ఒకరు జగద్గిరిగుట్ట నుంచి వచ్చే పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఇంటర్ మధ్యలో మానేసి సాయంత్రాలు డెలివరీ చేస్తుంటాడు. ఇంకొకరు చాంద్రాయణగుట్టలో ఉర్దూ మీడియం చదివిన, ఇద్దరు పిల్లల తల్లి. మూడో వ్యక్తి డిగ్రీ పూర్తయిన, చూపులేని యువకుడు.

కుర్రాడికి బుర్ర చురుకు, కొరత సమయానిది. ఆమెకు మధ్యాహ్నం రెండు గంటలు తీరిక ఉంది, కానీ సొంత ఫోన్ లేదు. సిమ్ భర్త పేరు మీద ఉంది. ఓటీపీ వచ్చేది ఆయన పనిలో ఉన్నప్పుడు, ఆయన జేబులోని ఫోనుకి. డిగ్రీ యువకుడికి చదువు, సమయం రెండూ ఉన్నాయి. తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సెంటర్లోని కంప్యూటర్‌లో లేకపోతే మాత్రం ఆయన ముందున్నది వట్టి డబ్బా. ముగ్గురినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి పాఠం ఒకేలా చెప్తే ముగ్గురికీ మూడు చోట్ల ఆగిపోతుంది.

నగరంలో ఉండడం కూడా ఒక్కోసారి అడ్డే. కేంద్రం 2017లో మొదలుపెట్టిన పీఎంజీ-దిశ 20 గంటల ప్రాథమిక డిజిటల్ శిక్షణ ఇచ్చింది. 2024 మార్చితో ముగిసేలోపు 6.39 కోట్ల మందికి శిక్షణ ఇచ్చినట్టు, 4.78 కోట్ల మందికి సర్టిఫికెట్లు ఇచ్చినట్టు ప్రభుత్వం చెప్పింది. అది గ్రామీణ కుటుంబాలకు ఉద్దేశించిన పథకం. ఊళ్లో అత్త నేర్చుకుంది. అదే ఇంటి నుంచి వలసొచ్చి రహ్మత్‌నగర్‌లో ఇళ్లలో పనిచేసే కోడలు ఆ పథకం బయట మిగిలిపోయింది. పట్నంలో ఉన్నాం కాబట్టి కంప్యూటర్ చేతికి అందుతుందనుకోవడానికి లేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పట్టణ ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 23.4 శాతమే. గ్రామాల్లో అయితే 4.4 శాతం.

ఫోన్ ఆడించే చేతికి కంప్యూటర్ ఎందుకు కొరుకుడుపడదు

‘ఇప్పటి పిల్లలకు ఫోన్ పుట్టుకతోనే వచ్చు, కంప్యూటర్ ఎంతసేపు’ అనే మాట తరచూ వింటాం. క్లాసులో కూర్చుని చూస్తే ఆ మాట నిలవదు.

ఫోనులో ‘సేవ్’ చేయడమనే పని దాదాపు లేదు. ఫొటో దానంతటదే గ్యాలరీలోకి వెళ్తుంది, మెసేజ్ వాట్సాప్‌లోనే ఉంటుంది. ఫైలు ఎక్కడుంది అని ఎవరూ అడగరు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి ఫోల్డర్లో ఫోల్డర్, అందులో ఫైలు, దానికో పేరు. ‘మొన్న చేసింది ఎక్కడికో పోయింది సార్’ అని విద్యార్థి అన్నప్పుడు ఫైలు పోలేదు, పెన్‌డ్రైవ్ బదులు డెస్క్‌టాప్ మీద ఉంది. పక్క బ్యాచ్ వాళ్లు అదే పేరుతో సేవ్ చేస్తే అప్పుడు నిజంగానే పోతుంది. ఇంట్లో చిన్నప్పటి నుంచి కంప్యూటర్ చూసినవాళ్లకు ఇది పాఠం అని కూడా తోచదు. అందుకే చాలా సిలబస్‌లలో దీనికి ఒక్క పీరియడ్ దాటి ఇవ్వరు. నా దృష్టిలో మొదటి రెండు వారాలు దీనికే ఇచ్చినా నష్టం లేదు.

ఎక్సెల్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. కిరాణా బిల్లు చేయమని ఇచ్చామనుకోండి: బియ్యం 10 కిలోలు, కిలో 52 రూపాయలు, కందిపప్పు 2 కిలోలు, కిలో 160. గళ్లు గీస్తారు, రంగులు వేస్తారు, శీర్షిక బోల్డ్ చేస్తారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, క్యాలిక్యులేటర్‌లో 10ని 52తో గుణించి 520, రెండోది 320, మొత్తం 840 అని చూసి, ఆ అంకెల్ని ఎక్సెల్ గళ్లలో టైపు చేస్తారు. చూడ్డానికి షీట్ అచ్చం సరిగ్గానే ఉంటుంది. ప్రింటు తీసి ఫైలులో పెడితే అసెస్‌మెంట్‌లో మార్కులూ పడొచ్చు. బియ్యం ధర 54 చేయమంటే మాత్రం మొత్తం 840 దగ్గరే నిలబడి ఉంటుంది. గడిలో సమానం గుర్తు పెట్టి, పరిమాణం గడిని ధర గడితో గుణించమని చెప్పి ఉంటే బియ్యం 540కి, మొత్తం 860కి వాటంతటవే మారేవి. ఎక్సెల్ వచ్చా, రాదా అన్నది తేలేది ఈ ఒక్క మార్పు దగ్గరే. తెలివి తక్కువై ఇలా చేయరు. చేతికి అలవాటైన పనిముట్టు ఫోన్, దానితో పని అయిపోయింది. గడికీ గడికీ సంబంధం ఉంటుందన్న ఊహ కలగడానికి ధరలు పదేపదే మార్చి చూసేంత సమయం దొరకాలి.

పేద ఇళ్లలో మరీ ఎక్కువగా ఉండే ఇంకో చిక్కు ఖాతాలది. చాలామందికి ఈమెయిల్ ఐడీ ఉంటుంది, కానీ దాన్ని తెరిచింది ఇంటర్ అడ్మిషన్ అప్పుడు నెట్ సెంటర్ అన్న. పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు. రీచార్జ్ చేయక ఆ ఐడీకి ఇచ్చిన సిమ్ పోయింది. ఇప్పుడు ఉద్యోగాల పోర్టల్‌లో పాత రిజిస్ట్రేషన్ తెరుచుకోదు, కొత్తది చేద్దామంటే ‘ఇప్పటికే ఉంది’ అంటుంది. ఏ కోర్సు పుస్తకంలోనూ ఈ పాఠం నాకు కనిపించలేదు. ఒక్క ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా మొదట దాటాల్సిన గడప ఇదే.

400 గంటల కోర్సులో చేతికి దక్కేవి ఎన్ని?

డేటా ఎంట్రీ లాంటి కోర్సుకు కాగితం మీద 400 గంటలు ఉంటాయి. ఒక ఊహాత్మక సెంటర్‌ను తీసుకుని లెక్క వేద్దాం. అందులో 250 గంటలు ప్రాక్టికల్ అనుకుందాం. బ్యాచ్‌లో 30 మంది, పనిచేసే కంప్యూటర్లు 15. అంటే మెషీన్‌కు ఇద్దరు. సమానంగా పంచుకుంటే తలా 125 గంటలు.

సమానంగా పంచుకోవడం జరగదు. ఇద్దరిలో వేగంగా చేసేవాళ్ల చేతిలోనే మౌస్ ఉంటుంది, రెండోవాళ్లు చూస్తుంటారు. రెండుకు ఒకటి చొప్పున అనుకున్నా, చురుకైనవాళ్లకు 167 గంటలు, నెమ్మదైనవాళ్లకు 83 గంటలు పడతాయి. పిల్లాడికి జ్వరమనో, డ్యూటీ పడిందనో ఐదు రోజుల్లో ఒక రోజు రాలేకపోతే ఆ 83 కాస్తా 66 అవుతాయి. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్న సహవిద్యార్థి నాలుగు నెలలు రోజుకో గంట కూర్చుంటే అదనంగా 120 గంటలు వస్తాయి. సర్టిఫికెట్ ఇద్దరికీ ఒకటే. సాధన మాత్రం ఒకరికి 66, ఇంకొకరికి దాదాపు 290.

టైపింగ్‌లో ఇది కళ్లకు కడుతుంది. ఇంగ్లిష్ టైపింగ్ లోయర్ పరీక్షకు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు కొట్టాలి. ఆ వేగం వేళ్లకు రోజువారీ అభ్యాసంతోనే వస్తుంది, ఎంత మంచి పాఠమైనా దాన్ని పూడ్చలేదు.

కాబట్టి క్లాసు అయ్యాక సాయంత్రం ఒక గంట ల్యాబ్ తెరిచి ఉంచడం కొత్త సిలబస్ కంటే ఎక్కువ మేలు చేయగలదు. దీనికి ఎదురుమాట కూడా న్యాయమైనదే. ఆ గంటకు కరెంటు ఎవరు కట్టాలి, ఇన్‌స్ట్రక్టర్‌కు జీతం ఎవరివ్వాలి, చీకటి పడ్డాక ఆడపిల్లలు ఇంటికెలా చేరాలి? 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కావడంతో ఛార్జీల బరువు తగ్గింది. బస్టాపు నుంచి ఇంటి దాకా నడక, ఇంట్లో ఎదురుచూసే వంట మాత్రం అలాగే ఉన్నాయి.

డబ్బు విడుదలయ్యే తీరు ఎవరిని చేర్చుకోవాలో కూడా తేల్చేస్తుంది

ప్రభుత్వ పథకాల శిక్షణను చాలావరకు ప్రైవేటు సంస్థలే నడుపుతాయి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన లాంటి వాటికి కేంద్రం ఉమ్మడి నిబంధనలు పెట్టింది. మొదట్లో వాటి ప్రకారం సంస్థకు డబ్బు మూడు విడతల్లో వచ్చేది: బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50 శాతం, ఉద్యోగాలు చూపాక 20 శాతం. ఫలితం చూపితేనే డబ్బు అన్నది మంచి ఆలోచనే. శిక్షణ పేరుతో గదులు చూపించి బిల్లులు పెట్టుకోవడాన్ని ఇది కొంతైనా అడ్డుకుంటుంది.

ఆ పద్ధతిని సెంటర్ నిర్వాహకుడి కుర్చీలోంచి చూద్దాం. ఒక్కో అభ్యర్థికి 12,000 రూపాయలు వస్తాయనుకుందాం. మొదట 3,600, సర్టిఫికెట్‌కు 6,000, ఉద్యోగానికి 2,400. చివరి సీటుకు ఇద్దరొచ్చారు. ఒకరు బీకాం పాసై ఖాళీగా ఉన్న అబ్బాయి. మరొకరు పదో తరగతి దాకా చదివి పెళ్లయ్యాక ఆపేసిన మహిళ. అబ్బాయి పరీక్ష పాసవుతాడు, ఉద్యోగానికి మాదాపూర్ అయినా వెళ్తాడు. ఆమెకు అదనంగా 40 గంటలు చెప్పాలి. ఇన్‌స్ట్రక్టర్‌కు గంటకు 150 రూపాయలు వేసుకున్నా 6,000 రూపాయలు. ఆ ఖర్చుకు ఏ విడతలోనూ చోటు లేదు. ఉద్యోగం దొరికినా ఇంటికి దగ్గరైతేనే ఆమె చేరగలదు. నిర్వాహకుడు దుర్మార్గుడు కానక్కర్లేదు, లెక్క చూసుకునే మనిషైతే చాలు, సీటు అబ్బాయికే వెళ్తుంది. పథకం ఎవరి కోసం పుట్టిందో వాళ్లే గడప దగ్గర ఆగిపోతారు.

కౌశల్ వికాస్ యోజన 2022 తర్వాతి నాలుగో దశలో కేంద్రం ఉద్యోగాల లెక్కను శిక్షణ నుంచి విడదీసింది. అభ్యర్థి స్వయం ఉపాధో, పై చదువో ఏ దారైనా ఎంచుకోనివ్వాలన్నది ప్రభుత్వ వాదన. ఇంటి దగ్గరే పని చేసుకోవాలనుకునే మహిళలకు ఇది మేలు. విమర్శకుల భయం ఏమిటంటే, ఉద్యోగం ఊసే లేకపోతే సెంటర్లకు సర్టిఫికెట్ దగ్గరే పని అయిపోతుంది. నాకు రెండు వైపులా బలం కనిపిస్తుంది. కష్టమైన అభ్యర్థిని తీసుకున్నందుకు ఎక్కువ చెల్లించే ఏర్పాటు లేనంతవరకు, ఏ కొలత పెట్టినా చివరి సీటు కథ మాత్రం మారదు.

తెలుగులో చెప్పాలా, ఇంగ్లిష్‌లో చెప్పాలా?

తెలుగులో చెప్తేనే అర్థమవుతుందని ఒక వాదన. ఉద్యోగంలో తెర మీద కనిపించేది ఇంగ్లిషే కాబట్టి మొదటి రోజు నుంచీ అదే అలవాటు చేయాలని మరొకటి. అనుభవమున్న టీచర్లు చాలామంది ఈ రెండింటి మధ్య దారిలోనే వెళ్తారు. వివరించేది తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో, తెర మీది మాట మాత్రం ఉన్నది ఉన్నట్టు. ‘ఇన్సర్ట్ మీద నొక్కు, టేబుల్ పెట్టు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. దాన్ని ‘చొప్పించు’, ‘పట్టిక’ అని మార్చితే విద్యార్థి తెర మీద ఆ మాటల కోసం వెతుక్కోవాలి.

నిజంగా చిక్కుముడి పడిన సమస్య తెలుగు టైపింగ్‌లో ఉంది. ఫోనులో, వెబ్‌సైట్లలో కనిపించే తెలుగు యూనికోడ్, అంటే ఏ పరికరంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. నగరంలోని ప్రింటింగ్ ప్రెస్సుల్లో, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలాచోట్ల నడిచేవి అను స్క్రిప్ట్ లాంటి పాత ఫాంట్లు, ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్. సెంటర్లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టడం నేర్చుకుని షాపుకు వెళ్లినవాళ్లు అక్కడ మళ్లీ మొదటికి వస్తారు. షాపులో పని నేర్చినవాళ్లు ఆ మ్యాటర్‌ను వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. పాతబస్తీలో ఉర్దూ పనికి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ రావాలి, అది ఇంకో లోకం.

చూపులేని విద్యార్థికి ఈ తేడా ప్రాణప్రదం. యూనికోడ్ తెలుగును ఎన్‌వీడీఏ చదివి వినిపిస్తుంది. పాత ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆయనకు అర్థంలేని అక్షరాల వరసగా వినిపిస్తుంది. నోట్స్ ఇచ్చే సెంటర్ అది ఏ ఫాంట్‌లో ఉందో చూసుకోకపోతే, పాఠం ఇచ్చి కూడా ఇవ్వనట్టే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ ఉద్యోగం దాకా తీసుకెళ్లే దారిలో ఇలాంటి చిన్న రాళ్లు చాలా ఉన్నాయి.

డేటా ఎంట్రీ నేర్పాలా, ఏఐ నేర్పాలా?

ఇప్పుడు ఎక్కువ వాదన నడుస్తున్నది దీని మీదే. కాగితం మీది అక్షరాలను ఫొటో తీసి యంత్రమే చదివేస్తుంటే, డేటా ఎంట్రీ కోర్సులో చేర్చడం పేద పిల్లల్ని మూతపడే గదిలోకి పంపడమేనని ఒక వర్గం అంటుంది. ప్రాంప్ట్‌లు (ఏఐకి ఇచ్చే సూచనలు) రాయడం, ఏఐ పనిముట్లు వాడడం నేర్పమంటుంది. ఈ వాదనను తోసిపుచ్చలేం. చూసి టైపు చేయడమే పనిగా ఉన్న ఉద్యోగాలు పలచబడటం సహజం.

రెండో వర్గం నేల మీద ఉన్న పనులు చూడమంటుంది. ఈసేవ 2001లో మొదలైనప్పటి నుంచి, ఇప్పటి మీసేవ దాకా, జంటనగరాల్లో కౌంటర్ వెనక కూర్చునే పని ఉంటూనే ఉంది. ఆస్పత్రి రిసెప్షన్, డయాగ్నస్టిక్ సెంటర్ బిల్లింగ్, 2017లో జీఎస్‌టీ వచ్చాక బేగంబజార్ లాంటి చోట్ల ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషి అవసరం, ఇవన్నీ ఉన్నవే. వీటిలో టైపింగ్ కొంతే. ఎదురుగా నిల్చున్న మనిషి కాగితాల్లో ఏది తక్కువైందో పట్టుకోవడం, ఆధార్‌లో ఒక ఇంటిపేరు, మెమోలో ఇంకో ఇంటిపేరు ఉంటే ఏం చేయాలో తెలియడం ఇందులో పెద్ద భాగం. యంత్రం చదివిన దాన్ని సరిచూసే పనీ ఇదే కోవలోది.

నా మొగ్గు రెండోవైపు, ఒక షరతుతో. ఏఐని వేరే కోర్సుగా పెట్టి సర్టిఫికెట్ ఇవ్వడం కంటే ఉన్న పనిలోకి తేవడం నయం. బిల్లుల ఫొటోల నుంచి ఏఐతో షీట్ తయారు చేయించి, అందులో తప్పులు పట్టమనాలి. పైన చెప్పిన కిరాణా బిల్లులో 320 బదులు 820 పడితే కనిపెట్టగలిగేది గళ్ల సంబంధం తెలిసినవాళ్లే. అది రానివారికి ఏఐ ఇచ్చిన తప్పు షీట్ కూడా ఒప్పులాగే కనిపిస్తుంది.

మూడు చదువులకు మూడు పరీక్షలు

సెట్విన్ లాంటి సంస్థ 1978 నుంచి జంటనగరాల్లో కుట్టుపని, కంప్యూటర్ లాంటి కోర్సులు నేర్పుతోంది. శిక్షణ ఇవ్వడం ఈ నగరానికి కొత్త కాదు, కొలిచే తీరే పాతబడింది. మొదటి రకం చదువుకు సరైన పరీక్ష సెంటర్ బయట ఉంటుంది: తన ఈమెయిల్ తనే తెరిచి, మర్చిపోయిన పాస్‌వర్డ్ తనే మార్చుకోగలగడం. రెండో రకానికి, తన వృత్తిలోని ఒక రోజు పనిని కంప్యూటర్‌తో పూర్తి చేసి చూపడం. మూడో రకానికి, ముందు చూడని ఫైలు ఇచ్చి, తెలియని తప్పును ఎంతసేపట్లో పట్టుకున్నారో చూడడం. ఈ మూడింటినీ బహుళైచ్ఛిక ప్రశ్నలతో కొలవలేం. విద్యార్థి పక్కన ఒక మనిషి అరగంట కూర్చోవాలి. 30 మంది బ్యాచ్‌కు అది 15 గంటల పని, అంటే పరీక్ష పెట్టే అసెస్సర్‌కు రెండు రోజులు. ఇప్పుడు చాలా బ్యాచ్‌లకు అసెస్సర్ వచ్చి వెళ్లేది ఒక్క రోజే.